ఇకపై మా బిల్లులో చెట్టు పేరే రాస్తాం

తిరుపతిలోని మా కొయ్య షాపుకు వచ్చే అన్నలకు, అక్కలకు నమస్కారం.

పోయిన వారం చిత్తూరు నుంచి ఒక పెద్దాయన పాత బిల్లు పట్టుకొని వచ్చారు. రెండేళ్ల కింద వాళ్ల వంటింటి తలుపు మేమే చేసిచ్చాం. బిల్లులో 'హార్డ్‌వుడ్ తలుపు' అని ఉంది. ఇప్పుడు దాని కింది అంచు నుంచి పిండి రాలుతోంది. పురుగు తొలిచేసింది. "హార్డ్‌వుడ్ అంటే గట్టి కొయ్యే కదా అని కొన్నాను నాయనా" అన్నారు. అది మామిడి కొయ్య. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామిడి నిజంగా హార్డ్‌వుడ్డే. కానీ ఆ మాట గట్టిదనం గురించి కాదు, చెట్టు జాతి గురించి. పూలు పూసి, కాయలో గింజ దాచుకునే చెట్ల కొయ్యంతా హార్డ్‌వుడ్. టేకు, వేప, చింత, తుమ్మ, మామిడి, చివరికి గోరు గుచ్చితే దిగిపోయే బూరుగు కూడా అందులోదే. పైన్, దేవదారు లాంటి సూదుల ఆకుల చెట్లది సాఫ్ట్‌వుడ్. హిమాలయాల్లో ఇళ్లకు, గుళ్లకు వాడే దేవదారు చాలాకాలం మన్నుతుంది, అయినా సాఫ్ట్‌వుడ్డే.

తేడా కంటితోనే చూడొచ్చు. షాపుకు వస్తే చూపిస్తాను. టేకు ముక్క కోసిన చివరను బ్లేడుతో నున్నగా చెక్కితే సూది పొడిచినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు నీళ్లు పైకి లాక్కున్న గొట్టాలవి. పైన్‌లో ఆ గొట్టాలు ఉండవు.

మరి తలుపు మన్నిక దేన్ని బట్టి? మన పెద్దలు ఒక్క మాటలో చెప్పారు: చేవ. మాను నడుమ ముదిరిన భాగం అది. టేకు చేవలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి చెద అంత తేలిగ్గా ముట్టదు. చుట్టూ ఉండే తెల్ల కొయ్య టేకుదైనా పురుగు పడుతుంది. లేత టేకులో తెల్లదే ఎక్కువ. 'టేకు' అని విని సరిపెట్టుకోకండి, చేవ ఎంత అని అడగండి.

ఎర్రచందనం కావాలని కొందరు అడుగుతుంటారు. మన శేషాచలం కొండల్లో సహజంగా పెరిగే చెట్టు, దాని చేవ నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అనుమతి లేకుండా కొట్టడం, తరలించడం నేరం. మేం ముట్టం, దయచేసి అడగొద్దు.

ఈ నెల నుంచి బిల్లులో చెట్టు పేరు, చేవా తెల్లదా అన్నది రాస్తాం. మా దగ్గర 'హార్డ్‌వుడ్' అని రాసిన బిల్లు మీ ఇంట్లో ఉంటే తీసుకురండి, అది ఏ కొయ్యో చెప్తాం. పురుగు పట్టి ఉంటే టెన్షన్ పడకండి, మా మేస్త్రీ వచ్చి చూస్తాడు.

పెద్దాయన దగ్గర డబ్బు తీసుకోకుండా కొత్త తలుపు చేస్తున్నాం, టేకు చేవతో. కోత అయింది గానీ ఇంకా తడి ఉంది. ఆరేదాకా బిగించలేమని ఆయనకు చెప్పాం, సరేనన్నారు.