శిలాజాలకూ ఒక చట్టం కావాలి

సంపాదకులకు నమస్కారం.

డైనోసార్ల నుంచి పక్షులు వచ్చాయని ఇప్పుడు బడిపిల్లలు కూడా చెబుతున్నారు. ఈకలు, రెక్కల గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. ఆ దారిలో మెదడు ఎలా మారిందన్నది నాకు అంతకన్నా ఆసక్తి. అది తెలియాలంటే పుర్రె దొరకాలి, నలగకుండా దొరకాలి. అలాంటి పుర్రె రేపు మన దగ్గర బయటపడినా దాన్ని కాపాడేందుకు ప్రత్యేక చట్టం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెదడు మెత్తటిది కాబట్టి కుళ్లిపోతుంది. మిగిలేది దాని ఎముక గూడు. మొసళ్లలో ఈ గూడు వదులుగా ఉంటుంది. పక్షుల్లో మాత్రం చిప్పకు కొబ్బరి పట్టినట్టు మెదడు పుర్రె నిండా ఉంటుంది. అందుకే పుర్రెను సీటీ స్కాన్ తీస్తే లోపలి ఖాళీని బట్టి మెదడు ఆకారం తెలిసిపోతుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న, తొలి పక్షుల్లో ఒకటిగా చెప్పే ఆర్కియోప్టెరిక్స్ శిలాజం సుమారు 15 కోట్ల ఏళ్ల నాటిది. దాని స్కాన్ వివరాలు 2004లో వచ్చాయి. మెదడు 1.6 మిల్లీలీటర్లే, కానీ చూపుకు సంబంధించిన భాగాలు బాగా పెరిగి ఉన్నాయి. ఒంటి సమతూకం కాపాడే లోపలి చెవి కూడా పక్షి చెవిలాగే ఉంది. 2013లో వచ్చిన మరో పరిశోధన నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. ఒంటి సైజుతో పోలిస్తే, పక్షులకు దగ్గరి చుట్టాలైన కొన్ని డైనోసార్ల మెదడు ఆర్కియోప్టెరిక్స్ మెదడంత ఉండేదట, కొన్నిటికైతే ఇంకా పెద్దదట. అంటే మెదడు పెరగడం పక్షులతో మొదలవలేదు.

ఆర్కియోప్టెరిక్స్‌కూ నేటి పక్షులకూ మధ్య కథలో పెద్ద ఖాళీ ఉండేది. పక్షి ఎముకలు పలుచన, రాళ్ల మధ్య అప్పడంలా అణిగిపోతాయి. 2016లో బ్రెజిల్‌లోని ప్రెసిడెంటే ప్రుడెంటేలో సుమారు 8 కోట్ల ఏళ్ల నాటి చిన్న పక్షి పుర్రె చెక్కుచెదరకుండా దొరికింది. నవావోర్నిస్ అని పేరు పెట్టి 2024లో వివరాలు ప్రకటించారు. పెద్దమెదడు అనే ముందు భాగం ఆర్కియోప్టెరిక్స్ కన్నా పెరిగింది, కదలికలను అదుపుచేసే చిన్నమెదడు అనే వెనక భాగం మాత్రం నేటి పక్షుల స్థాయికి ఇంకా రాలేదు. ఒక్క పుర్రె ఇంత చెప్పింది. బ్రెజిల్‌లో 1942 నుంచే శిలాజాలు ప్రభుత్వ ఆస్తి అని చట్టం ఉంది.

మన సంగతి చూడండి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. చాలా ఎముకలు దక్కాయి గానీ పుర్రె దక్కలేదు, రెండు పళ్లు మాత్రమే మిగిలాయి. ఇది పక్షుల కొమ్మకు చెందినది కాదు, నిజమే. కానీ అదే ప్రాణహిత-గోదావరి లోయలో ఇంకేమున్నాయో ఎవరు చెప్పగలరు? కంకర కోసం ప్రొక్లెయిన్ దింపిన చోట చిటికెడంత పుర్రె పోతే అడిగేవాళ్లు లేరు. జనానిది తప్పు అనను. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో రైతులు పొలంలో దొరికిన గుండ్రాళ్లను దేవుడిగా కొలిచారు. అవి డైనోసార్ గుడ్లని 2023లో శాస్త్రవేత్తలు వచ్చి చెప్పేదాకా వాళ్లకు తెలియదు. చెప్పేవాళ్లుంటే జనమే కాపాడతారు.

భూవారసత్వ స్థలాలు (భూమి చరిత్ర చెప్పే అరుదైన రాళ్లు, నేల రూపాలున్న చోట్లు), శిలాజాల పరిరక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. దాన్ని చట్టం చేయాలి. తవ్వకాల్లో ఎముక కనబడితే పని ఆపి కబురు చేయడం కాంట్రాక్టరు బాధ్యత కావాలి. ఆ కబురు ఎవరికి చేయాలో ప్రతి మండల ఆఫీసులో తెలుగులో బోర్డు పెట్టాలి. మన ఎంపీలు ఈ బిల్లు గురించి పార్లమెంటులో అడగాలని, మీ పత్రిక కూడా వారిని అడగాలని కోరుతున్నాను.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, మంచిర్యాల