మండువా ఇంటి మరమ్మతు: జమా ఖర్చుల వివరణ

గ్రామస్థులకు, ఊరికి దూరంగా ఉన్నా చందా పంపినవారికి కమిటీ నమస్కారాలు. కాలువగట్టు దగ్గరి మండువా ఇంటి కప్పు పని పూర్తయింది కాబట్టి లెక్క మీ ముందు పెడుతున్నాం.

ఇంటింటికీ తిరిగి వసూలు చేసినది 2,14,500 రూపాయలు. హైదరాబాదు, కువైట్, మస్కట్, అమెరికాలలో ఉన్న మనవాళ్ళు పంపినది 3,85,000. పుచ్చిన కలప, తుప్పు రేకులు అమ్మితే 18,200 వచ్చాయి. బ్యాంకు వడ్డీ 2,316. మొత్తం జమ 6,20,016.

ఖర్చులో పెద్దది కలప, 1,96,000. 1996 నవంబరు 6 తుఫానులో ఉత్తరం వైపు కప్పు మీద కొబ్బరిచెట్టు పడింది. అప్పట్లో చేతికందిన కలపతో వాసాలు సర్దారు. అవే ఇప్పుడు చెదపట్టాయి. అసలు దూలాలకు మాత్రం ఏమీ కాలేదు. బర్మా టేకని వడ్రంగి మేస్త్రి చెప్పాడు. పెంకులకు 84,600, వడ్రంగం కూలి 1,12,000. సున్నం, ఇసుక, తాపీ కూలి కలిపి 1,31,500. సిమెంటు అయితే చవకగా పోయేది కానీ సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక పెచ్చులూడుతుంది. వైరింగుకు 27,300. రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ 2,150. పనివాళ్ళ భోజనాలు ఒక దాత పెట్టారు, లెక్కలో లేవు.

ఇక అందరూ అడుగుతున్న 11,840. రిజిస్ట్రేషన్ ఆఫీసు నకళ్ళు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రాలు), పాత చేతిరాత చదివిపెట్టిన లేఖరి ఫీజు, రానుపోను చార్జీలు. "పెంకులకిచ్చిన డబ్బు కాగితాలకెందుకు?" అని రచ్చబండ దగ్గర గట్టిగానే అన్నారు. ఇల్లు ఎవరిదో తేలకుండా గోడ మీద చెయ్యి వేస్తే రేపు ఎవరో వారసులమని కోర్టుకెళ్తారు. ఆ టెన్షన్ మనకొద్దు. ఇంటిని ఎవరైనా ఊరికి రాసిచ్చి ఉంటే అది దానం కిందికొస్తుంది. స్థిరాస్తి దానం చెల్లాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రిజిస్టరు కావాల్సిందే. కాబట్టి ఆధారమంటూ ఉంటే స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే రిజిస్ట్రేషన్ వాళ్ళ ఒకటో పుస్తకంలోనే ఉండాలి. రుసుము కడితే ఆ నకలు ఎవరికైనా ఇస్తారు.

దస్తావేజు దొరికింది. ఈ ఇల్లు జమీందారు బంధువులదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా, కాదు. కట్టించినాయన ధాన్యం వర్తకుడు. దస్తావేజులో ఆస్తి "స్వార్జితం" అనే ఉంది, పిత్రార్జితం ఊసే లేదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు డెల్టాకు నీళ్ళే కాదు, పడవల దారి కూడా ఇచ్చాయి. ధాన్యం కాకినాడ రేవుకు వెళ్ళింది ఆ దారినే. ఇంటి ముఖం రోడ్డుకి కాకుండా కాలువకి ఎందుకుందో ఇప్పుడర్థమైంది. ముందు గది ఇప్పటికీ ధాన్యం కొట్టులాగే ఉంటుంది: కిటికీ లేదు, గడప మోకాలెత్తు.

పిల్లలు లేని ఆ పెద్దాయన ఇంటిని ఊరికి రాసిచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు. వీధరుగుకి అడ్డు కట్టకూడదు, బాటసారి కూర్చునేలా వదిలేయాలి. గ్రిల్ పెట్టాలని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు, కొటేషన్ కూడా తెచ్చారు. నకలు చూశాక ఆ మాట ఆగిపోయింది. మనకు మిగిలిన ఆ గ్రిల్ ఖర్చుతో పోలిస్తే కాగితాల ఖర్చు ఏపాటిది!

మండువా గోడ మీద 1986 వరద నీటి మట్టానికి ఎవరో గీసిన ఎర్ర గీత ఉంది. భుజం ఎత్తున ఉంటుంది. సున్నం కొట్టేటప్పుడు దాని చుట్టూ వదిలేయించాం. మచ్చలా ఉందని అడగొద్దు.

మొత్తం ఖర్చు 5,65,390. నిల్వ 54,626. అందులో బ్యాంకులో 53,926, కోశాధికారి చేతిలో 700. పెరటి గోడకు ఇది చాలదు, వానాకాలం వెళ్ళాక మళ్ళీ మీ గుమ్మం ఎక్కుతాం. బిల్లులు, నకలు కాపీ ఆ ఇంట్లోనే బల్ల మీద ఉంటాయి. అభ్యంతరాలుంటే నెలాఖరులోగా రాసివ్వండి.

ఇట్లు,
మరమ్మతు కమిటీ