మా టీకా కరపత్రాన్ని దిద్దిపెట్టిన ఫార్మసిస్టులకు కృతజ్ఞతలు

టీకాలు వేసే సిబ్బంది కోసం రాసిన కరపత్రం చిత్తుప్రతిని వాక్యం వదలకుండా చదివి, ఎర్ర సిరాతో నింపి పంపిన ఫార్మసిస్టు మిత్రులకు నమస్కారాలు. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఏం దిద్దారో చెప్పకుండా వట్టి ధన్యవాదాలంటే మాత్రం మొక్కుబడిగా ఉంటుంది. పైగా ఆ దిద్దుబాట్లు ఈ పనిలో ఉన్న అందరికీ అక్కరకొచ్చేవే.

"టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, వేడి తగలనివ్వకూడదు" అన్న వాక్యం పక్కన "మరి చలి?" అని రాశారు. నిజమే, అందరి భయమూ వేడి గురించే. హెపటైటిస్-బి, ధనుర్వాతం, హెచ్‌పీవీ లాంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. అసలు సరుకు దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక్కసారి గడ్డకట్టిందంటే ఆ రేణువులు ముద్దలవుతాయి, కరిగినా మళ్లీ విడిపోవు. వేడి తగిలేకొద్దీ రంగు ముదిరే వీవీఎం గుర్తు సీసా మీద ఉంటుంది. అందులో లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కన్నా లేతగా ఉంటే వాడొచ్చు, వలయంతో సమానమైనా ముదిరినా పారేయాలి. అయితే అది చెప్పేది వేడి సంగతి మాత్రమే. గడ్డకట్టి పాడైన సీసా మీద కూడా ఆ చతురస్రం తెల్లగా, అమాయకంగానే కనిపిస్తుంది.

అందుకే సీసా గడ్డకట్టిందో లేదో ఊపి తేల్చే షేక్ టెస్ట్‌కు అర పేజీ ఇవ్వమన్నారు, ఇచ్చాం. అదే తయారీదారు, అదే బ్యాచ్ సీసా ఒకటి తీసుకుని రాత్రంతా ఫ్రీజర్‌లో పూర్తిగా గడ్డకట్టనివ్వాలి. దానిమీద "వాడొద్దు" అని ముందే రాసిపెట్టాలి, లేదంటే అదే ఎవరి చేతికో పోతుంది. కరిగాక దాన్నీ అనుమానం ఉన్న సీసానూ ఒకే చేతిలో పట్టుకుని 10–15 సెకన్లు గట్టిగా ఊపి, వెలుతురులో బల్లమీద పక్కపక్కన పెట్టాలి. గడ్డకట్టిన దాంట్లో తెల్లటి మడ్డి గబగబా దిగి పైన తేట నీరు మిగులుతుంది. బాగున్నది చాలాసేపు పాలనీళ్లలా ఒకేలా ఉంటుంది. అరగంటలోపు అనుమానం సీసా కూడా మొదటిదాని వేగంతోనో అంతకన్నా తొందరగానో దిగిందంటే ఆ బ్యాచ్‌లో దాంతోపాటు చలికి గురైనవన్నీ పక్కన పెట్టాల్సిందే. ఈ పరీక్ష అల్యూమినియం ఉన్న టీకాలకే పనికొస్తుంది. ఇంజెక్షన్ పోలియో టీకాకు చేస్తే ఏమీ తెలియదు.

గడ్డకట్టడం ఎక్కువగా జరిగేది రెండు చోట్ల. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించి పెట్టినప్పుడు, ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా టీకాల డబ్బాలో పడేసినప్పుడు. ప్యాక్‌ను బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే వాడాలి.

టీకాల రకాల గురించి మేం పెద్ద పట్టిక వేశాం. దాన్ని అడ్డంగా కొట్టేసి "రకాన్ని బట్టి ఏ ప్రశ్న అడగాలో రాయండి" అన్నారు. మాకు బాగా నచ్చిన దిద్దుబాటు ఇదే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్ టీకాలు బలహీనపరిచిన సజీవ వైరస్‌లు. వీటికి ముందు అడగాల్సినవి: గర్భమా? రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా వాడుతున్నారా? రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను రెండు వారాలు వాడినవాళ్లకు అది ఆపాక నెలైనా ఆగాలి. గత నాలుగు వారాల్లో మరో సజీవ టీకా సూది వేయించుకున్నారా? రెండూ ఒకే రోజు వేయొచ్చు, లేదా 28 రోజులు ఎడం ఉండాలి. ఈ ప్రశ్నలకు జవాబులు రోగికన్నా మందుల చీటీ బాగా చెబుతుంది, ఆ చీటీ చదవడం ఫార్మసిస్టుకు రోజువారీ పని. నిర్జీవ టీకాలు, టాక్సాయిడ్లు (క్రిమి విషాన్ని నిర్వీర్యం చేసి తయారుచేసినవి), క్రిమి ముక్కతో చేసినవి, క్రిమి ముక్కను ఒంట్లోనే తయారు చేయించే ఎంఆర్‌ఎన్‌ఏవి ఆ జబ్బును తెప్పించలేవు. వాటికి ముందు అడగాల్సింది ముఖ్యంగా పాత అలర్జీ గురించే.

పొడి టీకాల విషయంలో ఒక్క మాటే, కానీ రెండు గీతలు కొట్టి మరీ రాశారు. దాంతో వచ్చిన డైల్యూయంట్ (పొడిని కరిగించే ద్రవం) తప్ప ఇంకేదీ కలపకూడదు. 2014లో సిరియాలో తట్టు టీకాలో డైల్యూయంట్ బదులు కండరాలను సడలించే అట్రాక్యూరియం కలపడంతో చిన్నపిల్లల ప్రాణాలు పోయాయి. టీకాల ఫ్రిజ్‌లో వేరే మందులు పెట్టొద్దనేది అందుకే. కలిపిన తట్టు టీకాను 6 గంటలకో, ఆ పూట పని ముగిసినప్పుడో, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. అందులో క్రిమి పెరగకుండా ఆపే పదార్థమేదీ ఉండదు.

భుజం కండరంలోకి వేసే సూది దగ్గరికి వస్తే, భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్లు కిందికి, 90 డిగ్రీల కోణంలో గుచ్చాలి. చొక్కా మెడ పక్కకు లాగి గుచ్చితే సూది పైకి పోయి కీలులో దిగుతుంది, నెలల తరబడి భుజం ఎత్తలేరు. చేతిని మొత్తం బయటికి తీయించాలి.

"టీకాలు నూటికి నూరుపాళ్లు సురక్షితం" అన్నది కొట్టేశారు. దాని బదులు ఏం జరగొచ్చో రాయమన్నారు. చెయ్యి నొప్పి, జ్వరం ఒకటి రెండు రోజులు. తట్టు టీకా జ్వరం మాత్రం వారం, పన్నెండు రోజుల మధ్య వస్తుంది, వైరస్ పెరగడానికి ఆ టైం పడుతుంది కాబట్టి. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తర్వాత అరుదుగా, ఎక్కువగా యువకుల్లో, గుండె కండరం వాపు. టీకాలన్నిటినీ కలిపి చూస్తే పది లక్షల డోసుల్లో సుమారు ఒకరికి తీవ్రమైన అలర్జీ. అందుకే 15 నిమిషాలు కూర్చోబెట్టడం, చేతికందేలా ఎడ్రినలిన్ ఉంచడం. పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటివైపు కండరంలోకి. నాడి నెమ్మదించి చెమట పట్టి పాలిపోతే సాధారణంగా అది భయంతో సొమ్మసిల్లడం. దద్దుర్లు, పిల్లికూతలు, నాడి వేగం కలిసి వస్తే అది తీవ్రమైన అలర్జీ, ఎడ్రినలిన్ ఇవ్వడానికి ఆలస్యం చేయొద్దు. ఆటిజం గురించి అడిగేవాళ్లను విసుక్కోవద్దనీ రాశారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల మీద జరిగి 2019లో వచ్చిన అధ్యయనంలో సంబంధమేదీ కనిపించలేదు. ఇంతే చెప్పి ఊరుకోవచ్చు.

దిద్దిన ప్రతి అచ్చయింది. పాత చిత్తుప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చింపేయండి. "టీకాకు ముందే పారాసిటమాల్ ఇవ్వండి" అన్న మా తప్పు మూడో పేజీలో ఇంకా అలాగే ఉంది. ముందు జాగ్రత్తగా ఇస్తే కొన్ని టీకాలకు పసిపిల్లల్లో యాంటీబాడీలు తగ్గుతాయి, జ్వరమో నొప్పో వచ్చాక ఇస్తే చాలు.