ధాతువుల వారీగా ఇంగ్లిష్ పదాలు ఇవ్వండి

సంపాదకులకు,

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం విద్యా పేజీల్లో రోజూ కొన్ని ఇంగ్లిష్ పదాలు, పక్కనే తెలుగు అర్థాలు వేస్తున్నారు. ఒకదానితో ఒకటి పొంతన లేని పదాలు పది రోజులు కూడా గుర్తుండవు. వాటినే లాటిన్ ధాతువుల వారీగా కూర్చి ఇవ్వాలని మనవి.

మన పిల్లలకిది కొత్తేమీ కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం: ‘హార’ ఒక్కటే, ఉపసర్గ మారితే అర్థం ఎక్కడికో పోతుంది. లాటిన్‌లో ‘స్పెక్ట్’ అంటే చూడటం. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, ముందుకు చూస్తే ప్రాస్పెక్ట్, కింది నుంచి ఓరగా చూస్తే సస్పెక్ట్. అందుకే ముందు ఇన్, ఎక్స్, రీ, ప్రో, సబ్, కాం, డి, అడ్, ట్రాన్స్, ఇంటర్ అనే పది ఉపసర్గలు నేర్పి, ఆ తర్వాతే ధాతువుల్లోకి దిగాలి.

అసలు లాభం స్పెల్లింగ్‌లో ఉంది. ‘అకామొడేషన్’ రాయమంటే ఒక ‘ఎం’ ఎగిరిపోతుంది. లాడ్జి బోర్డుల మీదా అదే తంతు. దాన్ని అడ్, కాం, మోడ్ అని విడదీసి చూపండి. సత్ + జనుడు సజ్జనుడైనట్టే, ‘సి’ ముందు ‘అడ్’లోని ‘డి’ కూడా ‘సి’ అవుతుంది. కాబట్టి రెండు ‘సి’లు. ‘కాం’ చివరి ‘ఎం’, ‘మోడ్’ మొదటి ‘ఎం’ కలిసి రెండు ‘ఎం’లు. ఇల్లీగల్‌లో రెండు ‘ఎల్’లు, ఇర్రెగ్యులర్‌లో రెండు ‘ఆర్’లు రావడానికీ కారణం ఇదే: ‘ఇన్’లోని ‘ఎన్’ పక్క అక్షరంగా మారిపోయింది. ఇమిటేట్‌లో ఉపసర్గే లేదు, అందుకే ఒకే ‘ఎం’. ఇక ‘డెట్’లో పలకని ‘బి’ని లాటిన్ మూలాన్ని చూసి పండితులు తర్వాత తగిలించారు. డెబిట్ కార్డు గుర్తుంటే ఆ ‘బి’ మరిచిపోరు.

విద్యార్థులు తడబడేది ధాతువు రూపం మారినప్పుడు. ఫ్యాక్టరీలోని ‘ఫాక్ట్’ డిఫెక్ట్‌లో ‘ఫెక్ట్’, ఎఫిషియెంట్‌లో ‘ఫిక్’ అవుతుంది. క్యాప్చర్, యాక్సెప్ట్, పార్టిసిపేట్, రిసీవ్ నాలుగూ ‘పట్టుకోవడం’ అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఈ రూపాలన్నీ ఒకే చోట చూపకపోతే వేర్వేరు ధాతువులనుకుంటారు.

ఉచ్చులూ ఉన్నాయి. పెట్రోల్ ట్యాంకర్ల వెనక రాసే ‘ఇన్‌ఫ్లేమబుల్’లో ‘ఇన్’ అంటే ‘కాదు’ అనుకుంటే ప్రమాదమే. ఆ పదానికి అర్థం మంట అంటుకునేదని. పెడెస్ట్రియన్‌లో ‘పెడ్’ లాటిన్ పాదం, పీడియాట్రిక్స్‌లోది గ్రీకు శిశువు. మాన్యుఫాక్చర్ అంటే మూలంలో చేత్తో చేయడం, ఇప్పుడు చేసేది యంత్రం. ధాతువు దారి మాత్రమే చూపుతుంది, అర్థం నిఘంటువులోనే ఖాయం చేసుకోవాలి. వాటర్, మదర్, హౌస్ లాంటి వాడుక మాటలు జర్మానిక్ మూలాలవి, వాటి మీద ఈ పద్ధతి పనిచేయదు. ఇంటర్ స్థాయి పదాల నుంచి మొదలుపెడితే చాలు.

వారానికి రెండు ధాతువులు, వాటి రూపభేదాలు, ఒక్కోదానికి ఐదు పదాలు, ప్రతి పదానికీ ఒక వాక్యం ఇవ్వండి. చివర్లో అప్పటిదాకా ఇవ్వని పదం ఒకటి వేసి, పాఠకులనే విడదీయమనండి. జవాబు మర్నాటి పేజీలో వేయవచ్చు.

- ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, తెనాలి