9 వేల అడుగుల పైన మా క్లచ్ కిట్ డీలా పడుతోంది, తప్పు మాదే

ఈ సీజన్ మొదట్లో మా దగ్గర ఎత్తు ప్రాంతాల క్లచ్ కిట్ కొన్నవాళ్లలో కొంతమంది దాదాపు ఒకే మాట రాశారు. కింద బాగానే ఉంది, పైకి వెళ్లి లోతు మంచులో థ్రాటిల్ మొత్తం నొక్కితే స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) మూలుగుతోంది తప్ప ఆర్పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, 8 వేలు దాటట్లేదు అని. మొదటి ఇద్దరికీ "బెల్ట్ అరిగి ఉంటుంది, మార్చి చూడండి" అని చెప్పేశాను. వాళ్లు మార్చారు, ఏమీ తేడా రాలేదు. మూడో ఆయన మీటర్ కనిపించేలా వీడియో తీసి పంపాక గానీ నాకు బుర్ర వెలగలేదు. ఆ ఇద్దరి చేత అనవసరంగా కొనిపించిన బెల్ట్‌ల డబ్బు మేమే ఇచ్చేస్తున్నాం.

ఇంతకీ జరిగిందేమిటంటే, మేం కిట్‌లోని వెయిట్లను, అంటే క్లచ్ లోపల తిరిగే చిన్న బరువులను, ఎత్తులోనే టెస్ట్ చేశాం కానీ గట్టిపడిన మంచు మీద, చదునైన చోట చేశాం. అక్కడ మీటర్ 8,100 చూపించింది, ఆ ఇంజన్ పూర్తి పవర్ ఇచ్చేది కూడా సరిగ్గా అక్కడే, ఇంకేం కావాలి అనుకుని ఏ ఎత్తుకి ఏ వెయిట్ అని చెప్పే మా చార్టులో రాసేశాం. పోయిన వారం అదే బండిని నడుము లోతు మంచులో ఏటవాలుగా ఎక్కిస్తే 7,650 దగ్గర ఆగిపోయింది. ఎవరికి చెప్పుకోవాలి?

కొత్తగా ఈ గొడవలోకి వచ్చినవాళ్లకి రెండు ముక్కలు. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజన్ పవర్ సుమారు 3 శాతం తగ్గుతుంది, అంటే కింద 160 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ 10 వేల అడుగుల దగ్గర 112కి అటూ ఇటూగా మిగులుతుంది. గాలి పలచబడిందని ఫ్యూయల్ ఇంజెక్షన్ కంప్యూటర్ కనిపెట్టి పెట్రోలు తగ్గించుకుంటుంది. క్లచ్‌కి అలాంటి తెలివి లేదు. ప్రైమరీ క్లచ్ (ఇంజన్ వైపు ఉండేది) లోపలున్న వెయిట్లు ఇంజన్ తిరిగే వేగానికి బయటికి విసురుకుని బెల్ట్‌ని నొక్కుతాయి, ఆ నొక్కుడు ఎంత బలంగా ఉంటే క్లచ్ అంత తొందరగా పెద్ద గేరుకి మారుతుంది. ఇంజన్ బలహీనపడినా వెయిట్లు మాత్రం కింద వాడే బరువుతోనే ఉంటే, సైకిల్ మీద ఎత్తు ఎక్కుతూ పెద్ద గేరు వేసుకున్నట్టే, ఆర్పీఎం పవర్ ఉన్న చోటికి చేరకముందే కూలబడుతుంది. అందుకే పైకి వెళ్లేకొద్దీ తేలికైన వెయిట్లు కావాలి. మేం తగ్గించాం, కానీ సరిపోయేంత తగ్గించలేదు.

లెక్క సరిచేశాం. మా టెస్టుల్లో గ్రాముకి సుమారు 150 ఆర్పీఎం తేడా వచ్చింది, కాబట్టి మూడు గ్రాములు తగ్గించాం, ఈసారి లోతు మంచులోనే, బెల్ట్ బాగా వేడెక్కాక, ఒకే ఏటవాలు మీద మళ్లీ మళ్లీ ఎక్కించి చూశాం. 8,050 నుంచి 8,150 మధ్య నిలబడింది. ఇంకా తేలిక చేస్తే ఇంకా బాగుంటుందేమో అని ఒకసారి ఆశపడి చూశాను, ఇంజన్ అరుపు పెరిగింది గానీ ట్రాక్ (బండిని మంచు మీద నడిపే పట్టా) వేగం పెరగలేదు, బెల్ట్ జారి కాలిన వాసన వచ్చింది. కాబట్టి అంతకు మించి మీరూ తగ్గించకండి.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే బయటపడింది. మేం వెయిట్ల మీద ఉన్న నంబరు నమ్మి సెట్లు కట్టేవాళ్లం. చిన్న త్రాసు మీద పెట్టి చూస్తే ఒకే నంబరున్న రెండింటి మధ్య 0.4 గ్రాము తేడా. ఒకే సెట్‌లో ఇంత తేడా ఉంటే క్లచ్ వణుకుతుంది. ఇకనుంచి ప్రతిదీ తూచి, 0.1 గ్రాము లోపు సరిపోయినవే కలిపి పంపుతాం.

వెయిట్లు మార్చేటప్పుడు క్లచ్ పళ్ళేల ముఖం మీద నల్లగా అంటుకున్న బెల్ట్ పొడిని కూడా శుభ్రమైన గుడ్డతో తుడిచేయండి, దానివల్ల కూడా బెల్ట్ జారుతుంది, మేం అది తుడవకుండా ఓసారి స్ప్రింగ్‌ని అనుమానించి సగం రోజు పోగొట్టుకున్నాం. సెకండరీ క్లచ్‌లో (ట్రాక్ వైపు ఉండేది) స్ప్రింగ్, హెలిక్స్ అనే ఏటవాలు అంచుల ముక్క మాత్రం ముట్టుకోకండి, ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న బండ్లవాళ్లు ఈ కొత్త వెయిట్లు వేయొద్దు. టర్బో పైన కూడా పవర్ చాలావరకు నిలబెట్టుకుంటుంది, తేలిక వెయిట్లతో ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది. మామూలు బండ్లవాళ్లు కూడా కిందకి దిగాక పాత వెయిట్లు తిరిగి వేసుకోవాలి, కాబట్టి వాటిని పారేయకండి.

కొన్న రసీదు నంబరు, మీరు ఎక్కువగా తిరిగే ఎత్తు, లోతు మంచులో మీటర్ చూపిస్తున్న ఆర్పీఎం, ఈ మూడూ రాసి పంపితే సరిపోయే సెట్ ఉచితంగా పంపుతాం, పోస్టు ఖర్చు కూడా మాదే. పైన రాసిన ఇద్దరూ ముందు వరుసలో ఉన్నారు, మిగతావి వచ్చిన క్రమంలోనే.