చుట్టిళ్ళను ఇళ్ళుగా లెక్కించండి: గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

తీరప్రాంతపు పాత ఇళ్ళ గురించి ఎవరైనా ఉత్తరం రాస్తే అది సాధారణంగా పర్యాటక శాఖకు చేరుతుంది. నేను కావాలనే మీకు రాస్తున్నాను. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. చూసేవాళ్ళు లేక వాటికి ఆ గతి పట్టలేదు. ఫొటోలు తీసుకునేవాళ్ళు వస్తూనే ఉన్నారు, వాస్తుశిల్పం చదివే విద్యార్థులు టేపులు పట్టుకుని వచ్చి కొలతలు తీసుకుని వెళ్తూనే ఉన్నారు. ఆ ఇళ్ళలో ఉండేవారికి వాటిని నిలబెట్టుకోవడానికి ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి వచ్చే దారి లేదు. పడగొట్టి శ్లాబు వేసుకుంటామంటే మాత్రం ఉంది. ఈ లేఖ ఆ తేడా గురించి.

చుట్టిల్లు ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. గుండ్రటి మట్టి గోడ, దాని మీద గరిటబోర్లించినట్టు కాకుండా నిటారుగా పైకి లేచిన శంఖాకారపు తాటాకు కప్పు, మనిషి వంగి లోపలికి వెళ్ళవలసినంత కిందికి దిగిన చూరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలోని పల్లెల్లో ఇవి ఒకదానికొకటి దగ్గర దగ్గరగా, మధ్యలో సన్నటి సందులతో గుంపుగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే ముచ్చటేస్తుంది, నిజమే. అయితే అందంగా కనిపించే ఆ భాగాల్లో గాలితోనో, వానతోనో, ఎండతోనో పోరాడకుండా ఊరికే ఉన్నది దాదాపు ఏదీ లేదు.

గాలి సంగతే చూడండి. భారతీయ ప్రమాణాల ప్రకారం విశాఖపట్నంలో భవనాలకు లెక్కకట్టవలసిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ అంకె ఎంత నిజమో విశాఖ వాసులకు తెలిసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి రైతులకు తెలిసింది. అంత గాలి నలుచదరపు ఇంటికి ఎదురుగా కొట్టినప్పుడు ముందు గోడను నెడుతుంది, వెనక గోడను, కప్పును బయటికి లాగుతుంది. కప్పు లేచిపోయేది ఎక్కువగా ఈ లాగుడు వల్లే. అది మూలల దగ్గర, చూరు అంచుల దగ్గర అన్నిటికంటే తీవ్రంగా ఉంటుంది. చుట్టింటికి మూలలే లేవు. గాలి గోడను చుట్టుకుని జారిపోతుంది, ఏ దిక్కునుంచి వచ్చినా ఒకటే. తుఫాను తీరం దాటుతున్న కొద్దీ గాలి దిశ మారుతుందన్నది తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకవైపు మాత్రమే గట్టిగా ఉన్న ఇల్లు అక్కడ పనికిరాదు.

కిందికి దిగిన చూరు మట్టి గోడకు గొడుగు. జడివాన గోడకు తగలదు, మధ్యాహ్నపు ఎండ తగలదు, గాలి దూరి కప్పును ఎత్తడానికి కింద చోటు మిగలదు. మందపాటి మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతుంది. తాటాకు వేడిని దాచుకోదు. శ్లాబు దాచుకుంటుంది, దాచుకున్నదంతా రాత్రి పడుకున్నవారి మీద దించుతుంది. వేసవిలో శ్లాబు ఇళ్ళవాళ్ళు వాకిట్లో మంచాలు వేసుకునేది అందుకే.

ఒక చిన్న లెక్క కూడా మనవి చేస్తాను. కేంద్ర గ్రామీణ ఆవాస్ పథకం కింద ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. ఆ వైశాల్యానికి చదరపు ఇల్లు కడితే గోడ చుట్టుకొలత 20 మీటర్లు. గుండ్రంగా కడితే సుమారు 17.7 మీటర్లు. అదే జాగాకు గోడ పదో వంతుకు పైగా తగ్గింది. మైదాన ప్రాంతంలో ఇచ్చే సాయం 1 లక్షా 20 వేల రూపాయలు. అంత డబ్బులో ఇల్లు కట్టుకునేవాడికి ఈ పదో వంతు ఏమాత్రమో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఆగి ఎదుటిపక్షం మాట కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం ఊరికి సెలవులకు వచ్చినవాడి మురిపెంగా మిగిలిపోతుంది. చుట్టిళ్ళను జనం ఊరికే వదులుకోలేదు. తాటాకు కప్పును కొన్నేళ్ళకోసారి మార్చాలి. ఆకు కావాలి, వాసాలు కావాలి, కప్పడం తెలిసిన చేతులు కావాలి, మూడూ ఖరీదయ్యాయి. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న పల్లెలో ఒక పొయ్యి నిప్పురవ్వ వరసంతటినీ తగలబెడుతుంది, ఇది అన్నిటికంటే పెద్ద భయం. గుండ్రటి గోడకు బీరువా ఆనదు, మంచం ఆనదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ముందు కప్పు వైపు చూస్తారు. ఇక ఉప్పెన వచ్చిందంటే ఏ మట్టి గోడా ఆగదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఏమయిందో తెలిసినవారెవరూ సముద్రపు నీటికి మట్టి ఇల్లు అడ్డం నిలుస్తుందని అనరు. తుఫాను రక్షణ భవనాలు ఉండితీరాలి, హెచ్చరిక రాగానే జనం వాటిలోకి వెళ్ళితీరాలి. నేను మాట్లాడుతున్నది ఏడాదిలో మిగతా రోజుల ఇంటి గురించి, ఏటా వచ్చే మామూలు గాలివానల గురించి.

అయితే శ్లాబు ఇల్లు ఈ సమస్యలన్నిటినీ తీర్చిందా? సముద్రపు ఒడ్డున కాంక్రీటుకు వేరే జబ్బు ఉంది. ఉప్పుగాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి దిగి ఇనుప ఊచను చేరతాయి. ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. కొన్నేళ్ళకు శ్లాబు కింద పెచ్చులు రాలి ఎర్రటి ఊచలు బయటపడటం తీరంలో ఏ ఊళ్ళోనైనా చూడవచ్చు. అందుకే కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 తీరపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు బలం, ఊచ మీద 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు ఉండాలంటుంది. కట్టుబడి పనుల్లో ఉన్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను: లక్షా ఇరవై వేల ఇంట్లో, బావి నీళ్ళు కూడా ఉప్పగా ఉండే ఊళ్ళో, తట్టలతో కలిపి పోసే కాంక్రీటుకు ఆ గ్రేడు ఎలా వస్తుంది? ఊచలు బయటపడిన శ్లాబును బాగుచేయడం ఆ ఇంటివాడి చేతిలో లేదు. చెదిరిన తాటాకును వారంలో సర్దుకోవడం అతని చేతిలో ఉంది. గాలికి ఎగిరిన తాటాకు ఎవరి తలా తీయదు. ఎగిరిన సిమెంటు రేకు తీస్తుంది.

ఇప్పుడు మీ శాఖ దగ్గరికి వస్తాను. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనలో మట్టి గోడలు, కచ్చా కప్పు ఉన్న ఒంటి గది ఇంట్లో ఉండటం పేదరికానికి ఒక కొలమానం. ఇంటి సాయం ఎవరికి అందాలో తేల్చడానికి అది పనికివచ్చింది, అందులో అన్యాయం లేదు. కాని ఆ కొలమానం క్రమంగా తీర్పుగా మారింది. చుట్టిల్లు అంటే పోవలసిన ఇల్లు అయింది, బాగుచేయవలసిన ఇల్లు కాలేదు. అదే ఆవాస్ పథకపు మార్గదర్శకాలు పక్కా ఇంటిని ఎలా నిర్వచించాయో ఒకసారి తెప్పించుకుని చదవండి. వాడుకనూ వాతావరణాన్నీ తట్టుకుని, తగిన మరమ్మతులతో కనీసం 30 ఏళ్ళు నిలవాలి. ఆ వాక్యంలో శ్లాబు ఊసు లేదు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ‘పహల్’ పేరుతో ప్రాంతాలవారీ ఇళ్ళ నమూనాల సంకలనం కూడా తెచ్చింది. స్థానిక సామగ్రితో, స్థానిక పద్ధతుల్లో కట్టడమే దాని ఉద్దేశం. అంటే పై నుంచి అభ్యంతరం లేదు.

అడ్డంకి కింద, బిల్లు దగ్గర ఉంది. మన రాష్ట్రంలో ఇంటి బిల్లులు దశలవారీగా వస్తాయి: పునాది మట్టం, పైకప్పు మట్టం, ఆ తర్వాత శ్లాబు పోత. ప్రతి దశకూ ఫొటో ఉండాలి. శంఖాకారపు కప్పుకు ‘శ్లాబు పోత’ దశ ఉండదు. ఫొటో తీయడానికి వచ్చిన ఉద్యోగి ఆ గడిలో ఏం నింపాలి? నిబంధన ఎవరినీ నిషేధించలేదు, ఫారం నిషేధించింది.

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. తీర మండలాల్లో లబ్ధిదారు కోరుకుంటే ఎంచుకోగలిగేలా గుండ్రటి ఇంటి నమూనా ఒకటి మంజూరు చేయించండి. పాత చుట్టింటిని ఉన్నదున్నట్టు దింపమనడం లేదు. రాతి పునాది నేల మట్టం కంటే బాగా ఎత్తుగా ఉండాలి. గోడకు సిమెంటో సున్నమో కలిపి అదిమిన మట్టి ఇటుకలు వాడవచ్చు, వీటికి భారతీయ ప్రమాణం ఉంది. గోడ తల మీద చుట్టూ ఒక కట్టు, ఆ కట్టుకు వాసాలను బిగించే ఏర్పాటు తప్పనిసరి. కప్పు పెంకుదా, తాటాకుదా అన్నది ఇంటివాళ్ళ ఇష్టానికి వదలాలి. తాటాకైతే పొయ్యి విడిగా, మంట అంటని కప్పు కింద ఉండాలి, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం పెంచాలి. గాలి వేగాన్ని తగ్గించే గుంపు పద్ధతికీ నిప్పు భయానికీ మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందో విశాఖలోని విశ్వవిద్యాలయ ఇంజనీర్లు, కప్పులు నేసే పెద్దలు కలిసి కూర్చుంటే తేలుతుంది. నా అంచనా ఏమిటంటే, పెద్దలే ముందు తేలుస్తారు.

రెండోది, ఉన్న చుట్టింటి మరమ్మతుకు సాయం. కొత్త ఇంటికి ఇచ్చే దానిలో కొంత భాగం ఇచ్చినా కప్పు మారుతుంది, పునాది చుట్టూ రాయి పడుతుంది, మరుగుదొడ్డి వస్తుంది. ఈ సాయం తీసుకున్నవాళ్ళను పక్కా ఇంటి జాబితాలోంచి కొట్టేయకూడదు. కొట్టేస్తారనే భయం ఉంటే ఎవరూ దరఖాస్తు పెట్టరు.

ఇక పర్యాటకం. ఒడ్డున కాంక్రీటుతో గుండ్రటి గదులు పోసి, పైన అలంకారానికి గడ్డి పరిచి, లోపల ఏసీ పెట్టి ‘పల్లె కుటీరం’ అని బోర్డు తగిలించడం చూస్తున్నాం. పక్కనే అసలు పల్లెలో అసలు కప్పు కారుతూ ఉంటుంది. 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన స్థానికులు తమ ఇళ్ళ వైశాల్యం, రూపం మార్చకుండా అతిథులకు బస ఇవ్వడానికి వీలు కల్పించింది. ఈ వీలును వాడుకోవాలంటే ముందు ఆ ఇల్లు నిలబడి ఉండాలి కదా.

స్కాట్లాండ్‌కు పశ్చిమాన లూయిస్ దీవిలో అట్లాంటిక్ గాలులకు ఎదురుగా కట్టిన రాతి కుటీరాలు ఉన్నాయి. రెండు వరసల రాతి గోడ, మధ్యలో కూరిన మట్టి, గుండ్రంగా తిప్పిన మూలలు, గడ్డి కప్పు ఎగరకుండా తాళ్ళకు కట్టి వేలాడదీసిన రాళ్ళు. మన జాలరిపేటల మేస్త్రీలు చూస్తే ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అర్థం చేసుకుంటారు. అక్కడి గారెనిన్ అనే పల్లెలో చివరి నివాసులు 1974లో కొత్త ఇళ్ళకు మారిపోయారు. తర్వాత స్థానిక ట్రస్టు ఒకటి ఆ కుటీరాలను బాగుచేసి బసగా, మ్యూజియంగా నడుపుతోంది. బాగుంది. కాని వాళ్ళు కాపాడుకున్నది మనుషులు వెళ్ళిపోయాక మిగిలిన గోడలను. మన చుట్టిళ్ళలో కొన్నిటిలో ఇంకా పొయ్యి వెలుగుతోంది. ముందు ఖాళీ చేయించి, తర్వాత మ్యూజియం కట్టే దారి మనకెందుకు?

అయ్యా, కప్పులు మార్చుకునే పని తీరంలో వేసవిలో జరుగుతుంది, తొలకరి పడితే ఎవరూ ఇంటి కప్పు విప్పరు. ఉత్తర్వు వేసవి తర్వాత వస్తే ఒక ఏడాది పోయినట్టే. వచ్చే మార్చిలోపు కనీసం ఒక్క మండలంలో ప్రయోగంగానైనా మరమ్మతు సాయం మంజూరు చేయించి, బిల్లు ఫారంలో ‘శ్లాబు పోత’ పక్కన ‘ఇతర కప్పు’ అనే గడి ఒకటి పెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఉత్తరాంధ్ర తీరంలో ఇళ్ళ కట్టుబడి పనులు చూసే ఒక పౌరుడు