గుర్రమా, రౌతా?

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ సినిమా పేజీలో ‘అన్‌కవర్డ్’ చిత్రాన్ని పరిచయం చేస్తూ వచ్చిన వ్యాసం చదివాను. స్పానిష్ రచయిత ఆర్తురో పెరెజ్ రెవెర్తె 1990లో వెలువరించిన నవల ఆధారంగా, జిమ్ మెక్‌బ్రైడ్ దర్శకత్వంలో, కేట్ బెకిన్‌సేల్ కథానాయికగా 1994లో వచ్చిన ఈ చిత్రాన్ని ఇన్నేళ్ళ తర్వాత తెలుగు పాఠకులకు గుర్తు చేసినందుకు సంతోషమే. ఒక పాత వర్ణచిత్రంలోని చదరంగపు ఆటను చదివి, దాని వెనకున్న హత్య రహస్యాన్ని ఛేదించే కథ ఇది. అయితే కథకు ఆయువుపట్టయిన చోటనే వ్యాసకర్త పొరపడ్డారు. చదరంగం గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక పుట్టిన గుంటూరులో చదరంగం గురించి తప్పు రాస్తే చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు తక్కువ కనుక ఈ ఉత్తరం.

ఆ పాత వర్ణచిత్రంలో రంగు కింద బయటపడే లాటిన్ వాక్యం ‘క్విస్ నెకావిట్ ఈక్విటెమ్’. దీన్ని వ్యాసంలో ‘గుర్రాన్ని చంపిందెవరు?’ అని అనువదించారు. లాటిన్ మాటకు అర్థం గుర్రం కాదు, గుర్రమెక్కినవాడు. అంటే మన రౌతు. ఆ వర్ణచిత్రంలో చదరంగం ఆడుతూ కనిపించే ఇద్దరిలో ఒకడు అలాంటి యోధుడే. నవల ప్రకారం, చిత్రకారుడు కుంచె పట్టేనాటికే అతడు హత్యకు గురై రెండేళ్ళయింది. ఆ యోధుడిని చంపిందెవరన్న ప్రశ్న, బల్ల మీద గుర్రప్పావును చంపిందేదన్న ప్రశ్న ఒకే వాక్యంలో ఒదిగి ఉండటమే ఇక్కడి చమత్కారం. ఇంగ్లీషులో ఆ పావు పేరు యోధుడే కనుక చిక్కు లేదు. స్పానిష్‌లో మాత్రం మనలాగే దాన్ని గుర్రమనే అంటారు. తెలుగులో ఇంకో సౌకర్యం కూడా ఉంది: మనం పావును ‘తీసుకోము’, చంపుతాము. క్రియ ఇంత చక్కగా కుదిరిన భాషలో కర్మను పట్టించుకోకుండా వదిలేయడం నాకు కష్టమనిపించింది. ‘రౌతును చంపిందెవరు?’ అని రాసి, రౌతంటే గుర్రప్పావు కూడా అని ఒక్క ముక్క చేర్చి ఉంటే సరిపోయేది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. వర్ణచిత్రంలో మధ్యలో ఆగిపోయిన ఆటను కొనసాగించి గెలిచేదెవరో కనిపెట్టడమే అసలు చిక్కుముడి అన్నట్టు వ్యాసకర్త రాశారు. కానీ ఆ యోధుడి హత్య రహస్యం తేలేది ఆటను వెనక్కి నడిపించినప్పుడు. చివరి ఎత్తు ఏదై ఉంటుంది, దానికి ముందు పావులు ఏ గళ్ళలో ఉండాలి అని ఒక్కొక్క ఎత్తే వెనక్కి తీసుకుంటూ పోవడం చదరంగంలో నిజంగానే ఉన్న విద్య. బంటు వెనక్కి నడవదు. తన వరుస విడిచి పక్క వరుసలోకి వచ్చిందంటే అది తప్పకుండా దేన్నో చంపి వచ్చిందన్నమాటే. శకటుకు ఐమూలగా ముందున్న రెండు బంట్లూ కదలకుండా ఉంటే అది పుట్టినింటి నుంచి బయటికి వచ్చే దారే లేదు. ఇటువంటి సాక్ష్యాలన్నీ లెక్కకు తెచ్చి, కుదరనివాటిని ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ పోతే చివరికి ఒక్క ఎత్తే మిగులుతుంది. నవలలో ఆ వర్ణచిత్రం గీసిన ఏడాది 1471. ఐరోపాలో మంత్రికి నేటి నడక వచ్చింది ఆ శతాబ్దపు చివరి పాతికేళ్ళలో. అంతకు ముందు అది ఐమూలగా ఒక్క గడే కదిలేది. వెనక్కి చదివేవాడికి ఇది చిన్న తేడా కాదు. హంతకుడెవరో మాత్రం ఇక్కడ రాయను. సినిమా చూడాలనుకునేవాళ్ళకు ఆ సంతోషం దక్కనివ్వాలి కదా.

ఇక కథానాయికను ‘పాత బొమ్మలకు కొత్త రంగులు వేసే అమ్మాయి’ అనడం. చిత్రలేఖనం ఉపాధ్యాయుడిగా పని చేసిన నాకు ఇది మరీ గుచ్చుకుంది. ఆమె పాత వర్ణచిత్రాలను పునరుద్ధరించే నిపుణురాలు. ఆ వృత్తిలో పని ముప్పాతిక భాగం తీసివేయడమే: కాలక్రమాన పసుపెక్కిన వార్నిష్‌ను, తర్వాతివాళ్ళు పూసిన రంగును, దూది పుల్లకు ద్రావకం అద్ది గోరంత మేర తుడుస్తూ అసలు పొరను చేరడం. సీసం కలిసిన తెల్లరంగు ఎక్స్‌రేను అడ్డగిస్తుంది కనుక కింద దాగిన రూపం ఫిల్ములో తేలుతుంది; బొగ్గుతో గీసిన తొలిగీతలను పరారుణ కిరణాలు పట్టిస్తాయి. రంగు రాలిపోయిన చోట మాత్రమే కొత్త రంగు పడుతుంది, అదీ రేపెవరైనా తేలిగ్గా తుడిచివేయగలిగినదై ఉండాలి. రాతి శిల్పానికి ఆయిల్ పెయింటు పూసి దాన్నే జీర్ణోద్ధరణ అనుకునే అలవాటు మన గుళ్ళలో ఇంకా పోలేదు కాబట్టి, పత్రికలో ఈ మాట సరిగా పడాలని నా కోరిక. పై పొర తీసి కిందిది చదవడం, ఒక ఎత్తు తీసి అంతకు ముందుది చదవడం ఒకే రకం పని కాబట్టే రచయిత ఈ రెండు విద్యలను ఒక కథలోకి తెచ్చాడని నాకనిపిస్తుంది.

వచ్చే ఆదివారం సవరణ వేయవలసిందిగా మనవి. వీలైతే పిల్లల పేజీలో ఎప్పుడూ ఇచ్చే ‘తెల్లపావులు రెండెత్తుల్లో ఆటకట్టు’కు బదులు ఒక్కసారి ‘నల్లపావుల చివరి ఎత్తు ఏది?’ అని అడిగి చూడండి. సాయంత్రాలు మా వరండాలో బల్ల పరుచుకుని కూర్చునే పిల్లలు జవాబు పంపుతారు.

ఇట్లు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు